భాగహారం కింద బావమరిది

ఆ ఫ్యానుకు రెక్కలు మూడు, కిర్రుమనేది ఒకటే, అంటే తిరగడంలో దాని వాటా నూటికి ముప్ఫై మూడు, అరవడంలో మాత్రం నూటికి నూరు, మనుషుల్లోనూ అంతే, అనుకున్నారు నూరుగారు, బస్సు డిపో మీటింగు హాల్లో మొదటి వరస చివరి కుర్చీలో, ఒళ్ళో ఫైలు, ఫైల్లో లెక్కల కాగితాలు, వాటి అడుగున ఇంకా సంతకం పడని ఆర్డరు, ఆయన అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు, ఏ లెక్క అడిగినా నూటికి నూరు ఖాయం అనడం అలవాటై, ఇరవై రెండేళ్ళలో ఒక్క అంకె తప్పకపోవడం కూడా అలవాటై, డ్రైవర్లూ మెకానిక్కులూ గేటు కాపలాదారూ అందరికీ నూరుగారే, ఇంట్లో ఆవిడ కూడా కోపం వస్తే ఏమండీ మానేసి నూరుగారూ అంటుంది, పొద్దున్న అదే అంది, నూరుగారూ, మా తమ్ముణ్ణి బాగా నూరి రండి, మెత్తగా వచ్చేదాకా ఆపకండి అని, భోజనం డబ్బా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, బల్ల మీద పెడితే కోపం నూటికి యాభై, గట్టిగా పెడితే డెబ్భై అయిదు, ఇవాళ మూత ఊడింది.

తానేం చేస్తారు, అంకెలు చేసిన పనికి అంకెలు రాసినవాడిదా పాపం, ఇన్నాళ్ళూ డిపోలో మెప్పు లెక్కే గాని తప్పు లెక్క లేదు, కొత్తగా వచ్చిన మేనేజరమ్మ ప్రతి బస్సులోనూ ఒక పెట్టె పెట్టించింది, డ్రైవరు నచ్చితే ప్రయాణికులు పచ్చ చీటీ వేస్తారు, నచ్చకపోతే ఎర్ర చీటీ, పచ్చవాటిలోంచి ఎర్రవి తీసేస్తే మిగిలింది ఆ డ్రైవరు మార్కు, పచ్చవి తక్కువైతే మార్కు మైనస్సు, పోయిన ఆరు నెలలకూ ఈ ఆరు నెలలకూ ఎవరెంత శాతం మారారో నూరుగారు కట్టాలి, అందరికంటే పైనున్నవాడికి గోడగడియారం, అందరికంటే అడుగున ఉన్నవాడికి ఏడాదిపాటు స్టీరింగు బందు, బస్సులు కడిగే షెడ్డులో డ్యూటీ, ఆ అడుగున ఉన్నవాడు ఎవరంటే హారను, అంటే సాక్షాత్తూ తన బావమరిది, ఒకప్పుడు బస్సు హారనూ వాడి నోరూ ఒకేసారి మోగుతుంటే ఏది ఏదో తెలిసేది కాదు గనక డిపో అంతా ఆ పేరు ఖాయం చేసింది, మైనస్ నూట డెబ్భై అయిదు శాతం, ఆ అంకె కాలిక్యులేటరులో పడిన రోజున నూరుగారు ఆశ్చర్యపోలేదు, అదే ఇప్పుడు తలచుకుంటే గర్వంగా కూడా ఉంది, చుట్టరికం చూడలేదు, లెక్క చూశాను, బావ అన్న భావమే రానివ్వలేదు, వాడు పదేళ్ళ కిందట తన కొత్త స్కూటరు అడక్కుండా తీసుకెళ్ళి గోడకు ముద్దు పెట్టించినవాడు, స్కూటరు బాగుపడింది గాని వాడు బాగుపడతాడా, అని ఎవరు ఇంటికొచ్చినా వాణ్ణి చూపించి నూరుగారు ఆ స్కూటరు కథ చెప్పాకే కాఫీ తాగుతారు.

వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు వాడు, టోపీ మోకాలి మీద బోర్లించి, ఫలితం ముందే తెలిసినట్టు తల దించుకుని, తెలిసే ఉంటుంది, అక్క చెప్పే ఉంటుంది, పోయిన నెల ఆవిడ మార్కెట్టుకు వెళ్తూ వాడికి కనపడకుండా వాడి బస్సే ఎక్కిందట, ఏమండీ, వాడు మారాడండీ, కర్రల మీద నడిచే ఒకాయన రోడ్డు దాటి వచ్చేదాకా బండి ఆపాడు, చూపులేని ఒకామె కోసం ప్రతి స్టాపు పేరూ బిగ్గరగా చెప్పాడు, హారను ఒక్కసారి కొట్టలేదు, అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే తను ఏమన్నారు, పచ్చ చీటీ వేశావా అని అడిగారు, సొంత తమ్ముడికి నేనే వేసుకుంటానా అంటే, చీటీ లేనిది లెక్కలోకి రాదే, అన్నారు, ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుళాయి కట్టేసింది, ఎప్పుడూ గట్టిగా తిప్పేది, ఆ రోజు మెల్లగా తిప్పింది, ఎందుకో ఆ మెల్లదనమే ఇన్నాళ్ళుగా చెవిలో బొట్లు బొట్లుగా, అదిగో మైకులో మేనేజరమ్మ, మొదటి స్థానం, ప్లస్ మూడొందల శాతం, మన జెట్టు.

చప్పట్లు రావడానికి ఒక క్షణం ఆలస్యమైంది, బస్సులు ఆలస్యం కావడం మామూలే గాని డిపోలో చప్పట్లు ఆలస్యం కావడం నూరుగారు ఎప్పుడూ వినలేదు, జెట్టు అనే ఆ కుర్ర డ్రైవరు స్టాపుల్లో బస్సు ఆపడం తన స్థాయికి తక్కువనుకుంటాడు, ఎక్కేవాళ్ళు పరిగెత్తి ఎక్కాలి, దిగేవాళ్ళు దేవుణ్ణి తలచుకుని దిగాలి, వాడే నమ్మలేనట్టు తన గుండెల మీద వేలు పెట్టుకుని నేనా అని సైగ చేసి, లేచి, వేదిక మీదికి మాత్రం జీవితంలో మొదటిసారి నిదానంగా నడిచాడు, అప్పుడు పక్క కుర్చీలో పెట్టెలక్క, వారం వారం బస్సుల్లో పెట్టెలు తెరిచి చీటీలు తెచ్చే మనిషి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఈయన వైపు వంగింది, అన్నయ్యా, మీ లెక్కకు నేను అడ్డు చెప్పేదాన్నా, కానీ ఆ అబ్బాయి బండిలో పెట్టె తెరిస్తే కనపడేవి ఎర్ర చీటీలే, మీ బావమరిది బండిలోనేమో పచ్చవి, ఒక ముసలమ్మకు రాయడం రాదని ఖాళీ పచ్చ కాగితమే ముద్దు పెట్టుకుని వేసింది, అది కూడా లెక్కేసి ఇచ్చానుగా, మరి ఇదేంటి ఇలా తిరగబడింది, అంది, నూరుగారు నవ్వబోయారు, అమ్మా, చీటీల సంఖ్య వేరు, మార్పు శాతం వేరు, అని చెప్పబోయి, చెప్పడానికి ఉదాహరణ కోసం ఫైలు తెరిచారు, తెరిచి అట్ట తీశారు.

ఆ అట్ట ఆయన సొంత కనిపెట్టుడు, లెక్క కట్టేటప్పుడు పేరూ బస్సు నంబరూ కంటబడితే మనసు ఒక వైపు ఒరుగుతుందని, బూట్ల పెట్టె అట్టకు సన్నటి కిటికీ కోసుకుని వరస మీద పెడతారు, కిటికీలోంచి కనిపించేవి రెండే గడులు, పెట్టెలక్క వేసిచ్చిన తేడా ఎంత, పాత మార్కు ఎంత, తేడాని పాతదాంతో భాగించు, నూరుతో గుణించు, అట్టని కిందికి జరుపు, అంతే, కొత్త మార్కు కూడా కనపడదు, పాతదాంతో భాగించు అని చిన్నప్పుడు లెక్కల మాస్టారు వేళ్ళ మీద స్కేలుతో నేర్పిన సూత్రం, కిలోమీటర్లకీ డీజిలు లీటర్లకీ అరిగిన టైర్లకీ ఇరవై రెండేళ్ళుగా పనిచేసిన సూత్రం, అట్ట పక్కకు పెట్టగానే మొదటిసారి వరస మొత్తం చదివారు, జెట్టు, పాతది మైనస్ మూడు, కొత్తది మైనస్ పన్నెండు, మైనస్ పన్నెండు, వీడు మూడు గుంటల లోతు నుంచి పన్నెండు గుంటల లోతుకు దిగాడు, తేడా మైనస్ తొమ్మిది, దాన్ని మైనస్ మూడుతో భాగిస్తే మైనస్సూ మైనస్సూ కౌగిలించుకుని ప్లస్సైపోయి మూడొందల శాతం, దిగినవాణ్ణి ఎక్కినట్టు చూపించింది లెక్క, అయితే మరి, వేలు దానంతటదే చివరి వరసకు జారింది, హారను, పాతది, పచ్చవి మూడు ఎర్రవి పదకొండు, మైనస్ ఎనిమిది, కొత్తది, పచ్చవి తొమ్మిది ఎర్రవి మూడు, ప్లస్ ఆరు, ప్లస్సే, ఇంకోసారి చూశారు, కళ్ళజోడు తీసి తుడిచి చూశారు, ప్లస్సే, ఎనిమిది మెట్లు పైకెక్కి నేల మీదికొచ్చి, అక్కడినుంచి ఇంకో ఆరు మెట్లు ఎక్కాడు, పద్నాలుగు మెట్లు, డిపో మొత్తంలో ఎవడూ ఎక్కనన్ని, ఆ పద్నాలుగుని మైనస్ ఎనిమిదితో భాగించి మైనస్ నూట డెబ్భై అయిదు అని రాసింది ఎవరు, ఈ చెయ్యి, ఈ పెన్ను, ఈ నూరు.

చెవుల్లో ఫ్యాను ఆగిపోయింది, కాదు, తిరుగుతూనే ఉంది, వినపడటం లేదు, ఇరవై రెండేళ్ళు అని ఎవరో పదే పదే అంటున్నారు, తనే, ఆగు, ఆగు, కంగారు పడకు, కింద ఉన్న మైనస్సు తీసేస్తే సరి, పాతదాన్ని ఎనిమిదిగా తీసుకుని భాగిస్తే పద్నాలుగు బై ఎనిమిది, ప్లస్ నూట డెబ్భై అయిదు, హమ్మయ్య, జెట్టుకు మైనస్ మూడొందలు, అన్నీ ఎక్కడివక్కడ, శాతం వస్తే శాంతం వచ్చినట్టే, అని ఊపిరి వదలబోయి సగంలో బిగబట్టారు, మరి మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటికి వచ్చినవాడెవడైనా ఉంటే, ఎక్కింది రెండు మెట్లు, భాగిస్తే రెండొందల శాతం, పద్నాలుగు మెట్లెక్కినవాడికి నూట డెబ్భై అయిదూ, రెండు మెట్లెక్కినవాడికి రెండొందలూనా, అదీ అబద్ధమే, కాకపోతే ముచ్చటైన అబద్ధం, అసలు సున్నా దగ్గర మొదలైన ఆ కొత్త డ్రైవరుకి ఏం రాశాను, సున్నాతో భాగించడం కుదరక గడిలో ఒక గీత గీసి ఊరుకున్నాను, అప్పుడైనా తోచలేదే, భాగించడం కుదరని చోట్లు ఉంటాయని సున్నా మర్యాదగా చెప్పింది, మైనస్సు చెప్పలేదు, నోరు మూసుకుని తప్పు జవాబు ఇచ్చింది, తను అడగలేదు, ఎందుకు అడగలేదు, అట్ట అడ్డం వచ్చింది, కాదు, అట్ట కాదు, జాబితాకి పేర్లు ఎక్కించేటప్పుడు అట్ట లేదుగా, అడుగున బావమరిది పేరు రాశారుగా, అప్పుడు అడగలేదు, ఎందుకంటే ఆ జవాబు తను ముందే అనుకున్న జవాబు గనక, మైనస్సని కాలిక్యులేటరు చెప్పకముందే తనకు తెలుసు గనక.

చివరి స్థానం, అంటోంది మేనేజరమ్మ, ఎవరి పేరూ చెప్పి చిన్నబుచ్చను, సంబంధిత డ్రైవరుకు ఆర్డరు ఇస్తాను, నూరుగారూ, ఆ కాగితం ఇలా తెండి, అని పెన్ను మూత తీసి, మూత తీసిన చప్పుడు టప్పున హాలంతా వినపడింది, పేరు చెప్పకపోయినా రెండొందల మెడలు తలుపు వైపు తిరిగాయి, టోపీ మోకాలి మీద నుంచి జారింది, వంగి తీసుకున్నాడు వాడు, వంగినవాడు వెంటనే లేవలేదు, నూరుగారు ఫైలూ అట్టా పట్టుకుని లేచారు, వేదిక దాకా పదడుగులు, ఒక్కొక్క అడుగు నూటికి పది, ఇచ్చేస్తే ఏమవుతుంది, ఎవరికీ తెలియదు, పెట్టెలక్క మాట ఎవరు వింటారు, రేపు మెల్లగా సవరించి వచ్చే ఆరు నెలల్లో చూసుకోవచ్చు, ఇరవై రెండేళ్ళ పేరు నిలుస్తుంది, వాడు ఏడాది బస్సులు కడుగుతాడు, కడిగితే పోయేదేముంది, పోయేదేముందా, సగం దారిలో కుళాయి శబ్దం, మెల్లగా కట్టేసిన కుళాయి, ఆరోజు ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది కుళాయి కోసం కాదు, చీటీ లేనిది లెక్కలోకి రాదన్న మనిషి ముందు కళ్ళనీళ్ళు కూడా లెక్కలోకి రావని వెళ్ళింది, మేనేజరమ్మ చెయ్యి చాపింది, నూరుగారు కాగితం ఇవ్వలేదు, మైకు ఇటు లాక్కున్నారు, గొంతు మరీ ఎక్కువ వచ్చింది, మేడమ్, సంతకం పెట్టకండి, లెక్క తప్పు, తప్పు నాది, గడియారం ఇవ్వకూడనివాడికి ఇచ్చాం, పంపకూడనివాణ్ణి షెడ్డుకు పంపుతున్నాం, జాబితా తలకిందులైంది.

మొదట తేరుకున్నది జెట్టు, చంకలో గోడగడియారం పెట్టుకుని, అయితే సారూ, ఇది ఇచ్చెయ్యాలా అన్నాడు, ఇచ్చెయ్యాలి నాయనా అన్నారు నూరుగారు, నాకప్పుడే డౌటొచ్చింది సార్, మా అమ్మే నా బండెక్కదు, అని వాడు గడియారాన్ని బల్ల మీద పెట్టేశాడు, నవ్వు వెనక నుంచి ముందుకు వచ్చింది, దాంతో సగం మంది ఊపిరి వదిలారు, మేనేజరమ్మ మాత్రం నవ్వలేదు, పెన్ను అలాగే పట్టుకుని, మీరు తప్పు చేశారా అంది, తప్పు చేశారు అనలేదు, చేశారా అని అడిగింది, ఎండాకాలం చలేస్తోందని ఎవరో చెబితే అడిగినట్టు, అప్పుడు తలుపు దగ్గర నుంచి వాడు లేచాడు, బావా, అన్నాడు, హారను గొంతే అది, కానీ సగానికి తగ్గించింది, బావా, నాకోసం మీ పేరు చెడగొట్టుకోకండి, అక్క ఏడ్చి ఉంటుంది, అందుకని అంటున్నారు, పోనీండి, ఓ ఏడాది కడుగుతాను, ఆర్నెల్లుగా నోరు కట్టేసుకుని తిరిగాను గాని మీ లెక్కలో మైనస్సే వచ్చిందంటే లోపల ఎక్కడో ఇంకా నేను మారలేదేమో, మీ లెక్క ఎప్పుడూ తప్పదుగా.

ఇంతవరకూ తగిలినవన్నీ దెబ్బలు కావు, ఇది దెబ్బ, వాడు నమ్మాడు, పద్నాలుగు మెట్లు తన కాళ్ళతో ఎక్కినవాడు, మోకాళ్ళ నొప్పి తనకే తెలిసినవాడు, నూరుగారు మైనస్సు అన్నారు గనక తను దిగానేమో అనుకున్నాడు, తన కాళ్ళ మీదకన్నా తన బావ అంకెల మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్నాడు, సరే నూరుగారూ, మరి ఈ డ్రైవరు ఎదురుగా ఎంత శాతమని రాసుకోను, అని మేనేజరమ్మ అడుగుతోంది, శాతం రాయకండి మేడమ్, మైనస్సు నుంచి ప్లస్సుకు వచ్చినవాడికి శాతం ఉండదు, అక్కడ ఉండేవాడు, ఇక్కడికి వచ్చాడు, మైనస్ ఎనిమిది నుంచి ప్లస్ ఆరు, అని రాసుకోండి, అంటున్నారు తను, అంటూనే తలుపు వైపు చూస్తున్నారు, వాడి జుట్టు చెవుల పైన నెరిసింది, ఎప్పుడు నెరిసిందో, పదేళ్ళుగా ఆ మొహం చూసినప్పుడల్లా గోడకు గుద్దుకున్న స్కూటరే కనిపించింది గాని జుట్టు కనిపించలేదు, ముసలమ్మను ఎక్కించుకున్నా స్కూటరే, కర్రల మనిషి కోసం ఆగినా స్కూటరే, వాడు ఏం చేసినా దాని కింద ఆ పాత స్కూటరు పెట్టి భాగించి చూశాను, మైనస్సు రాక ఏమొస్తుంది, ఎంత దూరం వచ్చాడని ఒక్కసారీ అడగలేదు, ఎక్కడ బయలుదేరాడన్నదాంతోనే భాగిస్తూ కూర్చున్నాను, తప్పు సూత్రంలో లేదు, తప్పు పాతదాంట్లోనూ లేదు, మనిషిని పాతదాంతో భాగించడంలో ఉంది, నూరుగారు అట్టను రెండుగా చింపారు, ఫ్యాను మళ్ళీ వినపడింది, మూడు రెక్కలూ తిరుగుతూనే ఉన్నాయి.